పరుల గాదెలోని పంట: ‘టేకౌట్’ సాధనముపై ఒక విమర్శ

చెరకు రైతునకు పొలము తనది, పంట తనది. ఆ పంటను చక్కెరగా మార్చు యంత్రము మాత్రము తనది కాదు. బోధన్ చెంత శక్కర్‌నగరులో 1937లో స్థాపింపబడిన నిజాం చక్కెర కర్మాగారము ఒకప్పుడు ఆసియాలోని పెద్ద కర్మాగారములలో నొకటిగా పేరు గాంచినది. 2015 డిసెంబరులో అది మూతపడినప్పుడు చెరకు పండించు విద్య ఎవ్వరును మరువలేదు. కాని పండిన దానిని చేర్చు చోటు పోయినది. ఒక్క ద్వారమునే నమ్ముకొన్నవారికి ఆ ద్వారము మూతపడుటయే పెద్ద నష్టము.

నేడు ఇంటింటి ఛాయాచిత్రములు, ఉత్తరములు, ఉపాధ్యాయుల పాఠ్యప్రణాళికలు ఇట్టి స్థితిలోనే ఉన్నవి. ‘క్లౌడ్’ అనగా మేఘము. కాని అందు దాచిన వస్తువు ఆకాశమున ఉండదు. అది ఎక్కడనో ఒక సంస్థ వారి కంప్యూటరులో, వారి తాళము క్రింద ఉండును. ఆ గాదెలు శాశ్వతములు కావని చరిత్ర చెప్పుచున్నది. భారతదేశమున యువకులెందరో వాడిన ఆర్కుట్ 2004లో పుట్టి 2014 సెప్టెంబరు 30న మూతపడినది. గూగుల్ ప్లస్ వ్యక్తిగత ఖాతాలు 2019 ఏప్రిలు 2న ముగిసినవి. యాహూ గ్రూపులు 2020 డిసెంబరులో అంతరించినవి. ముందుగా ప్రకటన వెలువడినను, దానిని చూచి తమ వస్తువులను తీసికొన్నవారికే అవి దక్కినవి.

ఈ చిక్కునకు పరిష్కారముగా వచ్చిన సాధనములలో ‘గూగుల్ టేకౌట్’ ముఖ్యమైనది. ఆ సంస్థలోని కొందరు ఇంజనీర్లు 2007లో ‘డేటా లిబరేషన్ ఫ్రంట్’ అను పేరుతో ఒక బృందముగా ఏర్పడిరి. వాడుకరి తన సమాచారమును సులభముగా వెలుపలికి తీసికొనిపోగలిగి యుండవలెనని వారి ఆశయము. దాని ఫలమే 2011 జూనులో వెలువడిన టేకౌట్. ఉత్తరములు, చిత్రములు, పత్రములు మున్నగువానిలో వలసినవి ఎన్నుకొన్నచో, అన్నిటిని మూటలుగా కట్టి, తెచ్చుకొనుటకు ఒక లంకెను పంపును. ఇందుకు రుసుము లేదు. తన గాదె తలుపును తానే తెరచియుంచిన సంస్థను మెచ్చుకొనుట న్యాయము.

అయితే మూట చేతికి వచ్చుట వేరు, మూటలోని వస్తువు పనికివచ్చుట వేరు. విమర్శ ఇచ్చటనే మొదలగును.

మొదటిది కాలమును గూర్చినది. కోసిన చెరకు వెంటనే గానుగకు చేరనిచో అందలి సుక్రోజు గ్లూకోజుగను ఫ్రక్టోజుగను విడిపోవును. చక్కెర దిగుబడి తగ్గును. టేకౌట్ మూటయు అట్లే వేచియుండదు. లంకె సుమారు ఒక వారములో చెల్లకపోవును. ఉచితముగా లభించు 15 గిగాబైట్ల స్థలము నిండియున్నదనుకొందము. సెకనుకు 10 మెగాబిట్ల వేగము గల తీగపై దానిని దింపుటకు ఎంత కాలము పట్టును? 15,000 మెగాబైట్లను 8తో హెచ్చించిన 1,20,000 మెగాబిట్లు. 10చే భాగించిన 12,000 సెకనులు, అనగా 3 గంటల 20 నిమిషములు. నడుమ విద్యుత్తు పోయినను, సంబంధము తెగినను ఇంకను ఆలస్యమగును. బైటునకు, బిట్టునకు గల భేదము తెలియని వాడుకరి ఈ లెక్క వేసికొనజాలడు.

రెండవ లోపము ఛాయాచిత్రములకు సంబంధించినది. నిజామాబాదు జిల్లా నుండి గల్ఫు దేశములకు పోయి పనిచేయువారు అనేకులు. వారి కుటుంబములకు చరిత్ర అంతయు ఫోనులోని బొమ్మలే. వాట్సాప్ ద్వారా సాధారణ చిత్రముగా పంపినప్పుడు దాని పరిమాణము తగ్గుటయే కాక, లోపల నిక్షిప్తమైన తేదీ, స్థలముల వివరములు కూడ తొలగిపోవును. వాడుకరి గూగుల్ ఫోటోలలో తేదీని సరిదిద్దినను, టేకౌట్ ఆ సవరణను బొమ్మలో చేర్చక ‘జేసన్’ అను వేరొక ఫైలులో వ్రాసి ప్రక్కన పెట్టును. బొమ్మను మాత్రమే నకలు చేసికొన్నవాడు తేదీని పోగొట్టుకొనును. ఆ ఫైలులో కాలము 1970 జనవరి 1 నుండి గడచిన సెకనుల సంఖ్యగా ఉండును: 1577836800 అనగా 2020 జనవరి 1, గ్రీనిచ్ కాలమున అర్ధరాత్రి. ప్రక్కన ఆంగ్లమున తేదీ వ్రాసియున్నను అదియు గ్రీనిచ్ కాలమే. అప్పుడు బోధన్‌లో ఉదయము 5.30 గంటలు. కనుక ఆ ఉదయము 5 గంటలకు తీసిన బొమ్మకు డిసెంబరు 31 తేదీ కనిపించును. కొన్నియేండ్ల తరువాత బిడ్డ పుట్టినదినము వెదకు కుటుంబమునకు ఇది చిన్న పొరపాటు కాదు.

మూడవది తెలుగువారికి ప్రత్యేకమైనది. ఫేస్‌బుక్కు సైతము 2010 నుండి ఇట్టి సదుపాయము కలిగించినది. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు లిపిలోని ప్రతి సంకేతమునకు మూడేసి బైట్లు వలయును; ‘తెలుగు’ అను మాటలో మూడు హల్లులు, మూడు గుణింతపు గుర్తులు గలవు గనుక మొత్తము 18 బైట్లు. ఫేస్‌బుక్కు జేసన్ రూపమున ఇచ్చిన ప్రతులలో ఈ బైట్లను దేనికది వేరు అక్షరముగా వ్రాయు లోపము పేరుపడినది. అందుచే ఆరు సంకేతముల మాట 18 వింత గుర్తులుగా మారును. ఇంగ్లీషు అక్షరమునకు ఒక్క బైటే చాలును గనుక ఇంగ్లీషు వ్రాయువారికి ఈ బాధ తెలియదు. అక్కడ హెచ్‌టీఎమ్‌ఎల్ రూపమును ఎన్నుకొనుట మేలు.

వాట్సాప్‌లో సంభాషణను పాఠ్యముగా వెలికి తీయవచ్చును గాని, దానిని మరల వాట్సాప్‌లోనికి ఎక్కింపరాదు. అది చదువుకొనుటకు పనికివచ్చు ప్రతియే.

ఈ లోపములను దిద్దుమని అడుగుటకు వాడుకరికి హక్కు కలదా? ఐరోపాలో 2018 మే 25 నుండి అమలులోనున్న చట్టపు 20వ అధికరణము, యంత్రము చదువదగిన రూపమున తన సమాచారమును పొందు హక్కును ప్రజలకిచ్చినది. భారతదేశమున 2019 నాటి బిల్లులో అట్టి హక్కు ఉండెను. 2023లో చట్టమైన పాఠములో అది లేదు. సమాచారపు సారాంశమును పొందుట, సవరించుట, తొలగింపించుట, మరణానంతరము హక్కులను వినియోగించుటకు ఒకరిని నియమించుట మాత్రము ఉన్నవి. కావున ఇచ్చట టేకౌట్ వంటివి సంస్థల సౌజన్యమే గాని వాడుకరి హక్కు కావు. సౌజన్యమును ఎప్పుడైనను ఉపసంహరింపవచ్చును.

ఆలస్యము వలని నష్టమును తక్కువగా అంచనా వేయరాదు. రెండేండ్లు వాడని వ్యక్తిగత ఖాతాలను తొలగింపగల నియమమును గూగుల్ 2023 డిసెంబరు నుండి అమలు చేయుచున్నది. దూరదేశమున మరణించిన తండ్రి ఖాతాకు సంకేతపదము ఇంట ఎవ్వరికిని తెలియనిచో, ఆ గడువు దాటిన పిమ్మట ఆయన పంపుకొన్న జాబులు, బొమ్మలు మిగులకపోవచ్చును. ఖాతా నిద్రాణమైనచో ఎవరికి అప్పగింపవలెనో ముందుగానే తెలుపు ఏర్పాటు అదే సంస్థలో 2013 నుండి కలదు. బ్రతికియుండగనే దానిని పూర్తిచేయవలెను.

ఉన్నత పాఠశాలలో దీనిని ఒక ప్రయోగముగా చేయింపవచ్చును. విద్యార్థి తన మూటను దింపుకొని, విప్పి, ఏవేని పది బొమ్మల తేదీలను జేసన్ ఫైళ్ళతో సరిచూడవలెను. తరువాత ఒక ప్రతిని ఇంటి కంప్యూటరులోను, మరియొకటి విడి హార్డ్ డిస్కులోను ఉంచి, ఆ డిస్కును వేరొక ఇంట దాచవలెను. ఆరు నెలలకొకసారి తెరచి చూడవలెను. తెరచి చూడని ప్రతి, ప్రతి అనిపించుకొనదు.

మొత్తముపై టేకౌట్ మేలైన సాధనమే, కాని సగములో ఆగినది. అది సమాచారమును బయటికి తెచ్చుచున్నది. సమాచారమునకును దాని అర్థమునకును గల ముడిని మాత్రము తెంపివేయుచున్నది. ఆ ముడిని తిరిగి వేయు భారము వాడుకరిపై పడినంతకాలము, ఈ విద్య తెలిసినవారికే జ్ఞాపకములు మిగులును. దానిని అందరికి నేర్పుట పాఠశాల చేయదగిన పని. ముడి తెగకుండ మూట కట్టుట సంస్థలు చేయదగిన పని.