‘ఇతరాలు’ గడిలో తెలుగు శ్రోత

2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం 234 కొత్త పట్టణాల్లో 730 ప్రైవేటు ఎఫ్.ఎం. ఛానళ్లను వేలం వేయడానికి ఆమోదం తెలిపింది. ఆ జాబితాలో మహారాష్ట్రలోని మా చంద్రపూర్ ఉంది. సరిహద్దుకు అటువైపు తెలంగాణలోని ఆదిలాబాద్, మంచిర్యాల, రామగుండం ఉన్నాయి. మాతృభాషలో స్థానిక కార్యక్రమాలు పెరగాలన్నది ఈ నిర్ణయానికి ప్రభుత్వం చెప్పిన కారణాల్లో ఒకటి.

వేలంపాటకు వచ్చేవారైనా, ప్రకటన ఇచ్చే దుకాణదారైనా ముందు అడిగేది ఒక్కటే: ఎంతమంది వింటారు? ఆ జవాబు ఎలా తయారవుతుందో ఇక్కడి తెలుగువాళ్లం ఇప్పుడే తెలుసుకోవాలి. రేపు చంద్రపూర్ గాలిలో ఏ భాష పలుకుతుందో తేల్చేది ఆ అంకెలే.

పత్రికకు అమ్ముడైన కాపీల లెక్క ఉంది. సినిమాకు తెగిన టిక్కెట్ల లెక్క ఉంది. రేడియోలో మాట్లాడినవాళ్లకు ఆ మాట ఏ ఇంట్లో వినబడిందో తెలిసే దారి లేదు. వెనకటి రోజుల్లో ఎక్కువగా ఉత్తరాలే కొలత. శ్రోతలు కోరిన ఫర్మాయిషీ పాటల పుణ్యమా అని ఇప్పటి జార్ఖండ్‌లోని ఝుమ్రీ తలైయా అనే అభ్రకం గనుల ఊరు పేరు దేశమంతా మోగిపోయింది. అక్కడినుంచి అన్ని కార్డులు వచ్చేవి మరి. ఎక్కువ కార్డులు రాసిన ఊళ్లోనే ఎక్కువమంది శ్రోతలున్నారని చెప్పలేం. రాయడం రానివాళ్లు, పోస్టుకార్డు కొనే తీరిక లేనివాళ్లు ఆ లెక్కలో లేరు. 1967 నవంబరులో ముంబై, పుణె, మన పక్కనే ఉన్న నాగ్‌పూర్ కేంద్రాల నుంచి వివిధ భారతిలో వాణిజ్య ప్రకటనలు మొదలయ్యాయి. డబ్బు వచ్చి చేరాక ఉత్తరాల కట్టలు సరిపోవు, అంకెలు కావాలి.

ఆ అంకెలు రాబట్టే పద్ధతుల్లో ఎక్కువకాలం నిలిచింది డైరీ. ఎంపిక చేసిన మనిషికి వారం రోజులకు ఒక చిన్న పుస్తకం ఇస్తారు. రోజును పావుగంటలుగా విడగొట్టి గళ్లు గీసి ఉంటాయి. ఏ పావుగంటలో ఏ స్టేషన్ విన్నారు, ఇంట్లోనా, దారిలోనా, పనిచోటా అన్నది ఆ మనిషే నింపాలి. మన దేశంలో టామ్ మీడియా రీసెర్చ్ సంస్థ 2007లో ‘రామ్’ పేరుతో మొదలుపెట్టిన కొలత ఇలాంటిదే. ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, బెంగళూరు నగరాల్లో, నగరానికి 480 మంది చొప్పున డైరీలు నింపారు. ఆ నాలుగింటిలో హైదరాబాద్ లేదు, నాగ్‌పూర్ లేదు. చంద్రపూర్ మాట చెప్పనే అక్కర్లేదు.

నిండిన డైరీల నుంచి ప్రధానంగా రెండు అంకెలు తీస్తారు. వారంలో ఒక్కసారైనా విన్నవాళ్లు ఎందరన్నది ఒకటి. మొత్తం ఎంతసేపు విన్నారన్నది రెండోది. వందమందిలో 40 మంది ఒక స్టేషన్‌ను తలా పావుగంట విన్నారనుకుందాం. మొత్తం 600 నిమిషాలు. ఇంకో స్టేషన్‌ను 10 మందే విన్నారు, కానీ తలా రెండు గంటలు. మొత్తం 1200 నిమిషాలు. మొదటి స్టేషన్ తనకు నాలుగింతలు శ్రోతలున్నారని చాటుకోవచ్చు. రెండోది తనను రెట్టింపు సేపు వింటున్నారని చాటుకోవచ్చు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. అందుకే ‘మేమే నంబర్ వన్’ అనే మాట చెవిన పడగానే, దేనిలో, ఏ వయసువాళ్లలో, ఏ వేళల్లో అని అడగడం అలవాటు చేసుకోవాలి.

నియమాలు కూడా అంకెను మారుస్తాయి. అమెరికాలో చాలాకాలం ఒక పావుగంటలో కనీసం 5 నిమిషాలు వింటేనే ఆ పావుగంట స్టేషన్ ఖాతాలో పడేది. డైరీలకు బదులు మీటర్లతో కొలిచే నగరాల్లో 2025 నుంచి దాన్ని 3 నిమిషాలకు తగ్గించారు. ఒక్క శ్రోతా కొత్తగా చేరకుండానే రేటింగ్ పెరిగే వీలు ఏర్పడింది.

480 మందితో ఒక నగరాన్ని కొలవొచ్చా అని చాలామంది సందేహపడతారు. కొలవొచ్చు. అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక మెతుకు పట్టి చూస్తే చాలు. అయితే కుండలో ఉన్నది ఒకే రకం బియ్యమై ఉండాలి. 480 మందిలో ఒక స్టేషన్‌కు 20 శాతం వచ్చిందంటే అసలు సంగతి సుమారు 16కీ 24కీ మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. వారం తిరిగేసరికి అది 21 అయితే పండగా, 19 అయితే ఏడుపూ రెండూ అనవసరం. అదే శాంపిల్‌లో తెలుగువాళ్లు 24 మందే ఉన్నారనుకోండి. వాళ్లలో ఒకరు ఆ వారం ఊరెళ్తే తెలుగు శ్రోతల లెక్కలో నాలుగు శాతానికి పైగా తేడా వస్తుంది. పెద్ద గుంపు గురించి బాగానే చెప్పే శాంపిల్ చిన్న గుంపు దగ్గర తడబడుతుంది.

ఈ తడబాటును నేను దగ్గర్నుంచి చూశాను. వయసులో ఉన్నప్పుడు కొంతకాలం ఒక సంస్థ తరఫున సర్వే ఫారాలు పట్టుకుని బల్లార్షా, రాజురా వైపు బొగ్గు కాలనీల్లో తిరిగాను. ఫారంలో మొదటి ప్రశ్న: మీ ఇంట్లో రేడియో ఉందా? ‘‘మా ఇంట్ల రేడియో లేదు బిడ్డా’’ అని తలుపు దగ్గరే చెప్పేసిందొక పెద్దమ్మ. లోపల ఆమె కొడుకు ఫోన్‌లో ఎఫ్.ఎం. పాటలు వినబడుతూనే ఉన్నాయి. ఆమె దృష్టిలో రేడియో అంటే బల్లమీద పెట్టే పెట్టె. ‘నిన్న పొద్దున్నుంచి పాటలు గానీ వార్తలు గానీ ఎక్కడ విన్నారు’ అని అడిగి ఉంటే ఆ ఇల్లు శ్రోతల జాబితాలో చేరేది. ఫారంలో ఆ ప్రశ్న లేదు.

స్టేషన్ల పేర్లుండే చోట హిందీ, మరాఠీ కేంద్రాలకు విడివిడి గళ్లుండేవి. తెలుగు స్టేషన్ పేరు ఎవరు చెప్పినా రాయాల్సింది చివరి గడిలో: ‘ఇతరాలు’. మీడియం వేవ్ తరంగాలు రాత్రిపూట పగటికన్నా చాలా దూరం వెళతాయి. ఆ వేళ హైదరాబాద్ కేంద్రం పట్టుకుని వార్తలు వినే ముసలివాళ్లు నాకు తెలుసు. వాళ్లంతా ఆ చివరి గడిలోకే వెళ్లారు. పైగా మేం తిరిగేది పగటిపూట. నైట్ షిఫ్టు దిగివచ్చినవాళ్లు నిద్రలో ఉండేవారు, ఫస్టు షిఫ్టువాళ్లు గనిలో ఉండేవారు. గని మనుషుల ఊళ్లో గని మనుషులను అడగకుండానే లెక్క తయారయ్యేది.

తెలుగు ఇక్కడ నిన్న మొన్న దిగిన భాష కూడా కాదు. రాజురా తాలూకా 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో, ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. ఆ తర్వాత గీత మారింది, ఇళ్లలో మాట మారలేదు. గోండీ, తెలుగు, మరాఠీ, హిందీ ఒకే సంతలో వినబడే నేల ఇది.

కొలిచే పరికరం మారితే ఈ చిక్కు తీరుతుందా? అమెరికాలో 2007 నుంచి పెద్ద నగరాల్లో డైరీకి బదులు నడుముకు తగిలించుకునే మీటర్ తెచ్చారు. ప్రసారంలో చెవికి తెలియకుండా కలిపిన సంకేతాన్ని అది పసిగడుతుంది. జ్ఞాపకం మీద ఆధారపడే పని తప్పింది. అయితే నల్లజాతివారి, స్పానిష్ మాట్లాడేవారి స్టేషన్ల రేటింగులు ఒక్కసారిగా పడిపోయాయి. మీటర్లు ఇచ్చిన శాంపిల్‌లో ఆ జనానికి తగిన చోటు లేదంటూ 2008లో న్యూయార్క్, న్యూజెర్సీ రాష్ట్రాల అటార్నీ జనరళ్లు ఆ మీటర్ల సంస్థ ఆర్బిట్రాన్ మీద కోర్టుకెక్కారు. 2009 మొదట్లో రాజీ కుదిరి, శాంపిల్ సరిచేయడానికి సంస్థ ఒప్పుకుంది. ఎంత గొప్ప పరికరమైనా అది ఎవరి నడుముకు ఉందన్నదే అసలు ప్రశ్న అని ఆ వివాదం తేల్చింది.

విన్నంత మాత్రాన మనసుకెక్కిందా అన్నది ఇంకో సంగతి. దాన్నీ కొలవొచ్చు, ఈ రాష్ట్రంలోనే కొలిచారు. 1956లో యునెస్కో సాయంతో ఆకాశవాణి పుణె కేంద్రం అయిదు మరాఠీ జిల్లాల్లో 150 గ్రామాలు ఎంచుకుని రైతుల రేడియో చర్చా బృందాలు నడిపింది. కార్యక్రమం వినడం, వెంటనే కూర్చుని మాట్లాడుకోవడం, సందేహాలు కేంద్రానికి రాయడం. ముందూ తర్వాతా రైతులకు ఏం తెలుసో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ పరిశోధకులు అడిగి, బృందాలు లేని గ్రామాలతో పోల్చారు. బృందాలున్న ఊళ్లలో విషయజ్ఞానం స్పష్టంగా పెరిగింది. రేడియో ఎంతసేపు మోగిందన్నది కాక, మోగాక మనిషి దగ్గర ఏం మిగిలిందన్నది అక్కడ లెక్క. నాకు ఇప్పటికీ ఆదర్శం ఆ కొలతే.

రేటింగులు వద్దని నేననను. లెక్క లేకపోతే ఎవరి గొంతు పెద్దదైతే వాళ్ల మాటే చెల్లుతుంది. నా అభ్యర్థన లెక్క సరిగ్గా తీయమనే. చంద్రపూర్‌లో ఛానల్ తీసుకోబోయేవారు, రేపు ఇక్కడ సర్వే చేయబోయేవారు నాలుగు పనులు చేయాలి. తెలుగు, గోండీ మాట్లాడే ఇళ్లను శాంపిల్‌లో వాటి వంతు మేరకు చేర్చాలి. షిఫ్టుల వేళలు చూసుకుని ఇళ్లకు వెళ్లాలి. ఫోన్, ఆటో, టీకొట్టు పేర్లు పెట్టి మరీ అడగాలి. వచ్చిన అంకె పక్కనే, అది ఎంత అటూఇటూ కావచ్చో అచ్చువేయాలి.

ఇక్కడి తెలుగువాళ్లకూ ఒక మాట. ఎవరైనా డైరీ తెచ్చి ఇస్తే వారాంతంలో ఒక్కసారే గబగబా నింపేయకండి, ఏ రోజుది ఆ రోజే రాయండి. విన్నది తెలుగైతే స్టేషన్ పేరుతో సహా తెలుగు అనే రాయండి. గడి లేకపోతే అంచున రాసి, వచ్చినవారికి చూపించండి. అడిగేవారు మన గడపదాకా వచ్చిన రోజున ‘మా ఇంట్ల రేడియో లేదు’ అని మాత్రం పంపేయకండి.