కథలకూ ఒక వర్క్‌షాపు కావాలి

ఖరగ్‌పూర్ స్టేషన్‌లో దిగినవారు అక్కడి పొడవైన ప్లాట్‌ఫారాన్ని చూసి ఆశ్చర్యపోతారు. ఆ ఊళ్ళో స్థిరపడిన తెలుగు రైల్వే కుటుంబాల పిల్లలు మాత్రం వర్క్‌షాపు సంగతి చెబుతారు. అక్కడ బండిని విప్పి, లోపం వెతికి, సరిచేశాకే పట్టాల మీదికి పంపుతారు. సైన్స్ ఫిక్షన్ కథలకు కూడా అలాంటి వర్క్‌షాపు ఒకటి ఉంది. దాని పేరు ఫ్యాన్‌జీన్. అంటే, పాఠకులే సొంత ఖర్చుతో నడుపుకునే చిన్న పత్రిక.

ఇది ఎలా పుట్టింది? అమెరికాలో హ్యూగో గెర్న్స్‌బాక్ 1926లో ప్రారంభించిన ‘అమేజింగ్ స్టోరీస్’ పాఠకుల ఉత్తరాలను చిరునామాలతో సహా ప్రచురించేది. ఆ చిరునామాలు చూసి పాఠకులు ఒకరికొకరు రాసుకున్నారు, సంఘాలు పెట్టుకున్నారు. 1930 మేలో ‘ది కామెట్’ వెలువడింది. ఫ్యాన్‌జీన్లలో ఇదే మొదటిదని సాధారణంగా చెబుతారు.

వీటిలోని కథలన్నీ గొప్పవా? కావు. క్లీవ్‌లాండ్‌లో జెర్రీ సీగెల్ అనే హైస్కూలు విద్యార్థి ‘సైన్స్ ఫిక్షన్’ పేరుతో ఒక సైక్లోస్టైల్ పత్రిక నడిపాడు. 1933 జనవరి సంచికలో అతడు రాసిన కథకు స్నేహితుడు జో షుస్టర్ బొమ్మలు వేశాడు. అందులో సూపర్‌మ్యాన్ ఒక దుర్మార్గుడు! ఉల్కలోని పదార్థంతో చేసిన మందు తాగగానే అతడికి ఇతరుల మనసులు చదివే శక్తి వస్తుంది. ఎలా వచ్చిందో కథ చెప్పదు. సైన్స్ పరంగా అది పెద్ద లోపమే. అయినా ఆ మిత్రులు ఆ పేరును వదలలేదు. మళ్ళీ మళ్ళీ మలిచి, 1938లో లోకమంతా ఎరిగిన వీరుణ్ణి సృష్టించారు. మొదటి తప్పు చేయడానికి చోటిచ్చింది ఆ చిన్న పత్రికే.

ఖరగ్‌పూర్‌కు దగ్గరలోని కలకత్తాలో అద్రీశ్ వర్ధన్ 1963లో ‘ఆశ్చర్య’ అనే బెంగాలీ సైన్స్ ఫిక్షన్ మాసపత్రిక ప్రారంభించారు. అది ఫ్యాన్‌జీన్ కాదు, అచ్చు పత్రిక. కానీ దాని వెనుక ఉన్నదీ అభిమాని ఉత్సాహమే.

ఔత్సాహిక పత్రికలకు ఒక జబ్బు ఉంది: మిత్రుడి కథను మిత్రుడు మెచ్చుకోవడం. విమర్శ లేని ఫ్యాన్‌జీన్ పనిముట్లు లేని వర్క్‌షాపు వంటిది.

మీరూ నలుగురు కలిసి ఒక లిఖిత పత్రిక తీసుకురండి. ప్రతి కథనూ ఈ రెండు ప్రశ్నలు అడగండి: ఇది ఏ ఊహపై నిలబడింది? చివరిదాకా ఆ ఊహకు కట్టుబడిందా? జవాబును కథ పక్కనే రాయండి. వచ్చే సంచికలో అదే కథను దిద్ది వేయండి.