సూఫీప్రేమయు క్షేత్రయ్యపదములును

క్షేత్రయ్యపదములను వ్యాఖ్యానించువారిలోఁ గొందఱు వానిని పారసీకుల సూఫీగీతములతోఁ బోల్చి, రెండును లౌకికశృంగారమను తెరచాటున భగవత్ప్రేమనే పాడినవని నిర్ణయింతురు. ఈ పోలిక నిరాధారము గాదు. కాని యెంతవఱకు నిలుచునో విచారింపవలసియున్నది.

సూఫీలు ప్రేమను మజాజీ, హకీకీ యని రెండుగ విభజించిరి. మొదటిది మానవప్రేమ, రెండవది పరమార్థప్రేమ; మొదటిదానిమీఁదుగ రెండవదానిఁ జేరవచ్చునని వారి మతము. 1126లో మృతినొందిన అహ్మద్ గజాలీ తన ‘సవానిహ్’ గ్రంథమున, ప్రేమించువాఁడును ప్రేమింపఁబడువాఁడును ప్రేమనుండియే పుట్టినవారని ప్రతిపాదించెను. కావునఁ బ్రేమ పరిపక్వమైనపుడు ‘నేను’ అను భావము నశించును. దానినే ఫనా యందురు.

ఈ భావములు కృష్ణాతీరమునకు మిక్కిలి దూరపువి గావు. 1672 మొదలు 1687 వఱకు గోలకొండ నేలిన అబుల్ హసన్ తానీషా, రాజ్యమునకు రాకపూర్వము షా రాజు అను సూఫీగురువునకు శిష్యుఁడు. కూచిపూడిని భాగవతుల కగ్రహారముగ నొసఁగినవాఁ డతఁడేయని ప్రతీతి. మువ్వగోపాలుఁడు వెలసిన మొవ్వ కూచిపూడికి సమీపముననే కలదు. క్షేత్రయ్యయు గోలకొండపాదుషా కొలువునఁ దాను 1,500 పదములు చెప్పినట్లు ఒక పదమునఁ జెప్పికొనెను. అయినను సామీప్యము ఋణమునకు సాక్ష్యము గాఁజాలదు.

భేదము నాయికయందుఁ గానవచ్చును. పారసీకమున సర్వనామమునకు స్త్రీపుంభేదము లేదు. ‘ఊ’ యను నొక్క మాటయే యిరువురకుఁ జెల్లును. అందుచేఁ గవి తన ప్రేమపాత్రమును స్త్రీయనిగాని పురుషుఁడనిగాని తేల్పక విడువఁగలఁడు. క్షేత్రయ్యపదములందుఁ బ్రాయికముగఁ బలుకునది నాయిక. ఆమెకు ఇల్లు, వీధి, సవతి, చెలికత్తె కలరు. వేళ దప్పి వచ్చిన గోపాలుని నిలదీయు నలుకయుఁ గలదు. ఆలంకారికులు మానమును విప్రలంభశృంగారమున నొక భేదముగ గణించిరి గాన, అలుక యిచటఁ బ్రేమలోని భాగమే. సిద్ధేంద్రయోగి భామాకలాపమున సత్యభామయు గర్వము సడలి కృష్ణునకు లేఖ వ్రాయును. కాని సత్యభామగానే నిలుచును. సూఫీలకును ఫనా తరువాత బకా, అనఁగా దైవమునందు నిలుకడ, కలదు. అచట నిలుచువాఁడు తనకై తాను మిగిలినవాఁడు గాఁడు.

శృంగారమునకు జంకి, ప్రతినాయికను జీవాత్మయనియు, ప్రతిచెలికత్తెను గురువనియు బోధించుట పాఠశాలలలో సులభమైన మార్గము. సూఫీసామ్యము దానికి మఱియొక యూఁత యగుచున్నది. ఆ బోధవలన విద్యార్థికి వేదాంతము దక్కునేమో కాని పదము దక్కదు. నాయిక యలుకను ముందుగ నలుకగాఁ జదివి, పిదప భక్తిని విచారించుట మేలు. అప్పుడు పారసీకుల ఫనాయు దన యర్థముతోనే బోధపడును.