రాగిరేకు మీద లండన్ వీధి

లండన్ చిత్రకారుడు విలియం హోగార్త్ 1751లో అచ్చువేసిన ‘జిన్ లేన్’ బొమ్మలో ఎవరి కళ్లయినా ముందు మెట్ల మీది తల్లి దగ్గరే ఆగుతాయి. తాగిన మత్తులో ఆమె పొడుం డబ్బాలో వేళ్లు పెట్టింది, చేతిలోంచి పసిబిడ్డ తలకిందులుగా జారిపోతున్నాడు. నేను మాత్రం ఎడమ పక్కకు చూడమంటాను. తాకట్టు కొట్టు గుమ్మంలో ఒక వడ్రంగి తన రంపం ఇచ్చేస్తున్నాడు. పక్కనే ఒక ఇల్లాలు వంటసామాను తెచ్చింది. రంపం పోయాక రేపటి కూలి ఎక్కడిది? గిన్నె పోయాక పొయ్యి మీదికి ఏం ఎక్కుతుంది? జిన్ అనే సారా పేదల ఇళ్లను ఎలా గుల్ల చేసిందో ఆ మూల చూస్తే చాలు, తెలిసిపోతుంది.

ఇంత చిన్న సంగతి స్పష్టంగా కనబడటం రాగి చలవే. రేకును వేడిచేసి మైనం పూత పూస్తారు, పొగ పట్టిస్తారు. సూదితో గీసినచోట మైనం లేచి రాగి మెరుస్తుంది. ఆమ్లం ఆ గీతల్ని మాత్రమే తింటుంది. ఎంతసేపు ఉంచితే అంత లోతు, అచ్చులో అంత నలుపు. ఇంకా పదును కావలసినచోట సన్నటి ఉలితో నేరుగా చెక్కుతారు. సిరా రుద్ది పైపైన తుడిచేస్తే గాడుల్లో మాత్రం మిగులుతుంది. తడి కాగితం పరిచి రోలర్ల మధ్య నొక్కితే, కాగితం ఆ గాడుల్లోకి దిగి సిరాను పైకి తెస్తుంది. బొమ్మ కుడిఎడమలు తారుమారవుతాయి కాబట్టి కొట్ల పేర్లన్నీ రేకు మీద తిరగేసి చెక్కాలి. కుర్రతనంలో వెండి సామాను మీద నగిషీ పని నేర్చిన చెయ్యి హోగార్త్‌ది.

పేదలకు చేరాలని వెల ఒక షిల్లింగే పెట్టాడు. కూలివాడికి అదీ బరువే. కానీ కొట్టు అద్దం ముందు నిలబడి చూడటానికి డబ్బు అక్కర్లేదు, చదువూ అక్కర్లేదు. సెయింట్ జేమ్స్ వీధిలో హానా హంఫ్రీ బొమ్మల కొట్టు కిటికీ ముందు మూగిన జనాన్ని వ్యంగ్య చిత్రకారుడు జేమ్స్ గిల్‌రే 1808లో ఒక బొమ్మలోనే పెట్టాడు. ఆయన కాపురం ఆ కొట్టు పైనే.

ఈ బొమ్మలు సాక్ష్యాలే, కాకపోతే ఒక పక్షం పట్టిన సాక్ష్యాలు. ‘జిన్ లేన్’కు జతగా వచ్చిన ‘బీర్ స్ట్రీట్’లో దాదాపు అందరూ పుష్టిగా ఉంటారు, తాకట్టు కొట్టు ఒక్కటే శిథిలమై ఉంటుంది. పేదరికానికి కారణం జిన్ అన్నాడు హోగార్త్. పేదరికమే జనాన్ని జిన్ వైపు నెట్టిందేమోనన్న ప్రశ్న ఆ జంట బొమ్మల్లో లేదు. జిన్ అమ్మకాన్ని కట్టడి చేసే చట్టం ఆ ఏడాదే వచ్చింది.

మనకు దగ్గరి బొమ్మ వ్యంగ్య చిత్రకారుడు జేమ్స్ సేయర్స్ 1783లో వేసింది. ఈస్టిండియా కంపెనీని పార్లమెంటు అదుపులోకి తేవాలని అప్పటి మంత్రి చార్లెస్ జేమ్స్ ఫాక్స్ బిల్లు పెట్టాడు. సేయర్స్ ఆయనకు తూర్పుదేశపు పాదుషా వేషం వేసి, ఏనుగెక్కించి, కంపెనీ కార్యాలయం ఉన్న లెడెన్‌హాల్ వీధికి ఊరేగించాడు. ఏనుగుకు ఫాక్స్ తోటి మంత్రి నార్త్ ముఖం పెట్టాడు. బందరు నుంచి గంజాం దాకా సర్కారు జిల్లాలు అప్పటికే కంపెనీ చేతిలో ఉన్నాయి. ఏనుగు మన నేలది, ముఖాలు లండన్‌వి.