ఇంటిపేరుతో అంతస్తును కొలవవచ్చునా?

తండ్రి సంపాదననుబట్టి కొడుకు సంపాదనను ఎంతవరకు ఊహింపవచ్చును? అర్థశాస్త్రజ్ఞులు దీనిని ఒక గుణకముతో చెప్పుదురు. అది 0.4 అనుకొందము. సగటుకంటె పైనున్న తండ్రి ఆధిక్యములో పదింట నాలుగు పాళ్లు కొడుకునకు దక్కునన్నమాట. ఈ లెక్కన మనుమనికి 0.16, మునిమనుమనికి 0.064 మాత్రమే మిగులును. అనగా మూడు తరాలలో కలిమియు లేమియు ఇంచుమించు చెరిగిపోవలెను.

అట్లు చెరగవని గ్రెగొరీ క్లార్క్ 2014లో ప్రకటించిన 'ది సన్ ఆల్సో రైజెస్' గ్రంథము వాదించుచున్నది. ఇంగ్లండు, స్వీడను, అమెరికా, బెంగాలు మొదలగు చోట్ల కొన్ని ఇంటిపేర్లను పట్టుకొని, వైద్యుల జాబితాలలో, విశ్వవిద్యాలయాల పట్టికలలో అవి తరతరమునకు ఎంత తరచుగా కనబడుచున్నవో ఆయన లెక్కించెను. గుణకము 0.7, 0.8 ప్రాంతమున తేలినది. 0.75 అయినచో మునిమనుమనికి సైతము 0.42 మిగులును!

కొలతలోని దోషమును ఎత్తిచూపుట ఈ గ్రంథమునందలి మేలైన భాగము. ఒక్క ఏటి ఆదాయము అంతస్తుకు సరియైన గుర్తు కాదు. పంట పోయిన ఏడు మోతుబరి కూడ బీదవానివలె కనబడును. ఇట్టి పొరపాట్లు తండ్రీకొడుకుల పోలికను ఉన్నదానికన్న పలుచగా చూపును. స్వీడనులోని మాల్మోలో 1938లో మూడవ తరగతి చదివిన పిల్లల కుటుంబములపై 2015లో వెలువడిన పరిశోధనలో కూడ, రెండు తరాల గుణకమునుబట్టి ఊహించినదానికన్న తాతమనుమల పోలిక గట్టిగా ఉన్నట్లు తేలినది. ఇంతవరకు పేచీ లేదు.

పేచీ తరువాతి మెట్టున ఉన్నది. ఇంటిపేరువారీ సగటు తీసినప్పుడు పొరపాట్లు రాలిపోవును. కాని ఆ పేరుగలవారికి ఉమ్మడిగా నున్న కులము, భూమి, వివక్ష రాలవు. ఒక పేరువారి సగటు ఆదాయము 200 రూపాయలు, మరొక పేరువారిది 100 అనుకొందము. ఒక్కొక్క పేరులోపల హెచ్చుతగ్గులు చాల ఉన్నవి; అక్కడ కొడుకు ఆదాయమునకు తండ్రి ఆదాయముతో ఏ సంబంధమును లేదు. పేర్ల మధ్య తేడా మాత్రము తరము మారినను మారలేదు. మనుషులను విడివిడిగా కొలిచినచో గుణకము స్వల్పము. ఇంటిపేర్ల సగటులను కొలిచినచో అది పూర్తిగా 1. ఇది కుటుంబమును కొలిచినట్లా, సమూహమును కొలిచినట్లా?

బెంగాలు అధ్యాయమున ఈ చిక్కు స్పష్టము. ముఖర్జీ, బెనర్జీ అన్నంతనే కులము తెలియును. (మన ఇంటిపేర్లతో ఈ లెక్క అంత సులభముగా నడవదు. ఊరిపేరే ఇంటిపేరైనచోట ఒకే పేరు పలు కులములలో వినబడును.) అయినను క్లార్కు ఈ పెద్ద గుణకమును చూచి, పుట్టుకతో సంక్రమించు సామర్థ్యమే ముఖ్యకారణము కావచ్చునని సూచించును. తరతరములుగా చేతిలోనున్న భూమియు, బడిమెట్లు ఎక్కనీయని ఆచారమును ఇదే సంఖ్యను ఇయ్యగలవు. సంఖ్య వానిని వేరుచేసి చూపలేదు.

పైగా పెండ్లియై పేరు మార్చుకొన్న కూతురును, ఆమె సంతానమును ఈ పద్ధతి లెక్కనుండి జారవిడుచును. మరియొక కూర్పు వచ్చినచో గ్రంథకర్త దీనికి ఒక అధ్యాయమైన కేటాయింపవలెను.