నాలుగు నవలలు: అందులో ‘మనం’ ఎవరు, ‘మేము’ ఎవరు?

వేసవి సెలవుల్లో మేము నాలుగు నవలలు చదివాము. వాటిలో రెండు ఇదివరకు చదివినవే. మూడవది ఈ మధ్యకాలపు తెలుగు నవల, నాలుగవది మరాఠీ నవల. ఇక్కడ చెప్పబోయేవి ఒక పాఠకుని సొంత అభిప్రాయాలు మాత్రమే. అయితే ఆ పాఠకుడు నాందేడులో కూర్చుని, ఒక చెవిన మరాఠీ, ఒక చెవిన తెలుగు వింటూ చదివాడు. అందువల్ల ఈ అభిప్రాయాలు హైదరాబాదులోనో విజయవాడలోనో చదివినవారి అభిప్రాయాలకు కొంత భిన్నంగా ఉండవచ్చు.

ఈ నవలలను ఎన్నుకోవడానికి కారణం మా తరగతిలో జరిగిన ఒక చిన్న సంఘటన. దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’ నవలలోని ఒక సంభాషణను విద్యార్థుల చేత బిగ్గరగా చదివిస్తున్నాము. దెగ్లూరు వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి సగంలో ఆగి, “సార్, ఇది మా అమ్మమ్మ మాట. ఇట్ల గూడ పుస్తకంల రాస్తరా?” అని అడిగింది. తరగతి నవ్వింది. ఆమె మాత్రం నవ్వలేదు. ఆమె పుస్తకంలో ప్రతి తెలుగు వాక్యం మీద పెన్సిలుతో దేవనాగరి అక్షరాలు ఉన్నాయి. తెలుగు ఆమెకు మాటగా తెలుసు, లిపిగా తెలియదు. ఇంట్లో మాట్లాడే భాషను పొరుగు భాష అక్షరాల్లో చదువుకుంటూ, ఆ భాషకు పుస్తకంలో చోటు ఉంటుందని ఇరవై ఏళ్ళ వయస్సులో మొదటిసారి తెలుసుకుంది. ఆ ప్రశ్నకు ఆనాడు “రాస్తారమ్మా” అని మాత్రం అన్నాము. అది చాలదని మాకు అప్పుడే తెలుసు.

నవలల్లోకి వెళ్ళేముందు వ్యాకరణం సంగతి ఒకటి చెప్పాలి. తెలుగులో ‘మనము’, ‘మేము’ అని రెండున్నాయి. వినేవాణ్ణి కలుపుకుంటే ‘మనము’, వదిలేస్తే ‘మేము’. హిందీలో ఈ భేదం లేదు, ‘హమ్’ ఒక్కటే. మరాఠీలో మాత్రం ఉంది: ‘ఆపణ్’, ‘ఆమ్హీ’. ద్రావిడ భాషలతో శతాబ్దాల సహవాసమే దీనికి కారణమని భాషాశాస్త్రజ్ఞులు పలువురు భావిస్తారు. సాంగ్లీ జిల్లాలోని కుప్వాడ్ గ్రామంలో మరాఠీ, కన్నడం, ఉర్దూ, తెలుగు కలిసి బతికే తీరును గంపర్జ్, విల్సన్ పరిశీలించి 1971లో ప్రకటించిన వ్యాసం ఈ రంగంలో సుప్రసిద్ధం. అక్కడ ఏ కులం వారి మాటలు ఆ కులానికే నిలిచాయి, వాక్యనిర్మాణం మాత్రం దాదాపు ఒకటైపోయింది. నాందేడు జిల్లాలో తెలుగు, మరాఠీ రెండూ మాట్లాడే పిల్లలకు ‘మనము–మేము’ భేదం ఎవరూ నేర్పనవసరం లేదు. నవలను పరీక్షించడానికి ఈ భేదం మంచి గీటురాయి అని మా అభిప్రాయం. కథ చెప్పేవాడు తన మనుషులను ఎవరితో కలుపుతున్నాడు? ఎవరిని బయట ఉంచుతున్నాడు?

మొదట వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’. 1950లలో వెలువడిన ఈ నవలను తెలంగాణ నవలకు ఆద్యమైనదిగా పరిగణించడం వాడుక. దొర పెత్తనం, వెట్టిచాకిరి, మతం మార్పిడిలో విముక్తి వెదుక్కునేవారు, దానిని తమ రాజకీయానికి వాడుకునేవారు, గ్రంథాలయం చుట్టూ మెల్లగా మేల్కొనే ఊరు, ఇవన్నీ ఇందులో ఉన్నాయి. ఆళ్వారుస్వామి స్వయంగా గ్రంథాలయోద్యమంలో పనిచేసినవాడు, జైలుకు వెళ్ళినవాడు. అందుకే ఊరి వ్యవహారం ఎలా నడుస్తుందో ఆయనకు లోపలి నుంచి తెలుసు. లోపం కథానాయకుడు కంఠీరవం దగ్గర ఉంది. అతనిలో తప్పు వెదికినా దొరకదు. తప్పు చేయని మనిషిని మనం గౌరవిస్తాము గాని అతని కోసం ఆరాటపడము. పైగా కథనం పత్రికల భాషకు దగ్గరగా నడుస్తుంది. రచయిత తన ఊరివాళ్ళను దూరాన ఉన్న పాఠకునికి పరిచయం చేస్తున్నాడు, “మేము ఇలా బతికాము” అంటున్నాడు. ఆ కాలానికి ఆ సాక్ష్యమే అవసరం. దానిని తప్పుగా ఎంచలేము.

‘చిల్లర దేవుళ్లు’ ఇంకొక అడుగు వేసింది. తెలంగాణ మాటను పాత్రల నోట ధైర్యంగా పలికించిన నవలగా దానికి పేరు. 1971లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది, 1977లో చలనచిత్రమూ అయింది. దొర గడీ, ఆ గడీలో ఆడబాపల బతుకు ఇంత సూటిగా తెలుగు నవలలో అంతకుముందు రాలేదు. అయితే ఈసారి చదివినప్పుడు ఒక విషయం మమ్మల్ని ఆపింది. ఆ ఊరిని మనకు చూపించే కన్ను ఎవరిది? పొట్ట చేతబట్టుకుని కోస్తా నుంచి వచ్చిన సంగీత విద్వాంసుడు సారంగపాణిది. అతను ఆశ్చర్యపోయినప్పుడల్లా కోస్తా పాఠకుడూ ఆశ్చర్యపోతాడు. కథగా అది చక్కని ఉపాయం. కాని మా తరగతిలోని ఆ అమ్మాయికి అందులో ఆశ్చర్యపోవలసినదేమీ లేదు. ఆమె సారంగపాణి పక్కన నిలబడలేదు, అతడు చూస్తున్నవాళ్ళలో నిలబడింది. పాత్ర ‘వచ్చిండు’ అంటుంది, కథకుడు ‘వచ్చాడు’ అంటాడు. భాషాశాస్త్ర దృష్టిలో ఈ రెండు రూపాలూ సమానంగా నియమబద్ధమైనవే. కాని ఒకటి కొటేషను గుర్తుల లోపల, మరొకటి బయట ఉన్నంతకాలం, లోపల ఉన్నది కట్టేసి చూపించే వస్తువుగానే మిగులుతుంది. ఇది రంగాచార్య ఒక్కని లోపం కాదు. తెలుగు నవల చాలాకాలం పాటించిన మర్యాద అది.

సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి ‘కొండపొలం’ 2019 తానా నవలల పోటీలో బహుమతి పొందింది. 2021లో సినిమాగా కూడా వచ్చింది. సినిమా చూసి నవల చదివామనుకునేవారు దయచేసి నవల చదవాలి. కరువు వచ్చి ఊళ్ళో మేత, నీళ్ళు లేనప్పుడు గొర్రెలను తోలుకుని నల్లమల ఎక్కడమే కొండపొలం. ఇంజనీరింగు చదివి ఉద్యోగం రాక, నలుగురిలో మాట పెగలక ఇల్లు చేరిన గొల్ల యువకుడు ఆ మందతో కొండకు వెళతాడు. ఈ నవలకు బలం వృత్తి పరిజ్ఞానం. ఏ చెట్టు ఆకు గొర్రెకు పనికివస్తుంది, రాత్రి మందను ఎలా కాయాలి, పులి జాడ తెలిస్తే ఏం చేయాలి అనేవి వివరణగా గాక పనిగా వస్తాయి. భద్రిరాజు కృష్ణమూర్తి వ్యవసాయ పదాలతో 1962లో మొదలుపెట్టిన మాండలిక వృత్తి పదకోశం మాటలను సేకరించి పెట్టింది. ఆ మాటలు చేతుల్లో ఎలా ఆడతాయో చూపించడం నవల పని. ఆ పని ఇందులో జరిగింది. కడప మాట తెలియని మా నాందేడు విద్యార్థులు కూడా దీనిని తడబడకుండా చదివారు. పని అర్థమైతే మాట దానంతట అదే అర్థమవుతుంది.

మాకు అసంతృప్తి కలిగించినది ముగింపు. అడవి నేర్పిన ధైర్యంతో యువకుడు ఉద్యోగం సాధిస్తాడు. సంతోషమే. కాని అతనితో కొండ ఎక్కిన తక్కినవారు మళ్ళీ అదే కరువులోకి దిగారు గదా! ‘మనం’ అని మొదలైన ప్రయాణం చివరకు ‘నేను’ దగ్గర ఆగింది.

ఈ మాట అనడానికి ధైర్యం ఇచ్చినది నాలుగవ నవల, సదానంద్ దేశ్‌ముఖ్ మరాఠీలో రాసిన ‘బారోమాస్’. దీనికి 2004లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. అదే సంవత్సరం తెలుగులో ఆ పురస్కారం అంపశయ్య నవీన్ ‘కాలరేఖలు’ నవలకు వచ్చింది. ‘బారోమాస్’లో ఏకనాథ్ ఎమ్మే, బీఎడ్ చదివిన రైతుబిడ్డ. ఉద్యోగానికి డబ్బు కట్టలేడు, సేద్యం గిట్టదు, భార్య పుట్టింటికి పోతుంది. చదువు అతణ్ణి పొలానికి దూరం చేసింది గాని మరొక చోటికి చేర్చలేదు. ‘కొండపొలం’ యువకుడు, ఏకనాథ్ ఒకే తరగతి గదిలో పక్కపక్కన కూర్చోదగినవాళ్ళు. ఒకరికి దారి దొరికింది, ఒకరికి దొరకలేదు. మా విద్యార్థుల్లో ఏకనాథ్‌లే ఎక్కువ కనుక మరాఠీ నవల మమ్మల్ని ఎక్కువ వెంటాడింది. అయితే దానిలోనూ లోపముంది: కష్టాలు ఒకదాని మీద ఒకటి పేరుకుపోయి, కొన్నిచోట్ల పాఠకునికి ఊపిరి ఆడదు. ‘కొండపొలం’లో అడవి గాలి ఉంది, ‘బారోమాస్’లో అది లేదు.

ఈ రెండింటినీ మూలభాషల్లో, పక్కపక్కన పెట్టుకుని చదవగల పాఠకులు ఎవరు? హైదరాబాదులో అరుదు, పుణెలో అరుదు. ధర్మాబాదు, బిలోలి, దెగ్లూరు, కిన్వట్ నుంచి వచ్చిన మీరు చదవగలరు. 1956 నవంబరు 1 వరకు ఈ ప్రాంతమూ, అవతలి తెలంగాణమూ ఒకే హైదరాబాదు రాష్ట్రం. 1930లో జోగిపేటలో ఆంధ్ర మహాసభ, 1937లో పర్తూరులో మహారాష్ట్ర పరిషత్తు మొదటి సమావేశాలు జరుపుకున్నప్పుడు రెండింటి ఎదుట ఉన్నది ఒకే నిజాం పాలన. ‘ప్రజల మనిషి’లోని వెట్టి కథ మీ తాతలకూ పరాయిది కాదు. సరిహద్దు గీత పడిన తరువాత ఆ కథలు తెలుగువారివీ మరాఠీవారివీ అని విడిపోయాయి. మీరు మాత్రం గీతకు ఇటు మిగిలారు.

అందుచేత ఆ అమ్మాయి ప్రశ్నకు మా సమాధానం ఇప్పుడిది: ఆ మాటను పుస్తకంలో రాస్తారు, కాని ఇంతవరకు ఎక్కువగా కొటేషను గుర్తుల లోపలే రాశారు. గుర్తులు తీసేసి, ‘మనం’ అంటూ కథ చెప్పే నవల నాందేడు తెలుగువారి నుంచి మా చేతికి ఇంకా రాలేదు. మగ్గం వదిలి మిల్లుకు, మిల్లు మూతపడ్డాక చిల్లర కొట్టుకు మారిన కుటుంబాలు ఈ ఊళ్ళో ఉన్నాయి. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజారులో ఉర్దూ మాట్లాడే పిల్లలున్నారు. ఇవి నవలకు పనికిరావని ఎవరన్నారు?

లిపి రాదని వెనుకాడవద్దు. ఇంట్లో మాట్లాడే భాషకు అక్షరాలు నేర్చుకోవడం రెండు నెలల పని. అంతవరకు దేవనాగరిలో రాసుకున్నా మాకు అభ్యంతరం లేదు. వచ్చే సత్రంలో ఈ నాలుగింటిలో ఒక నవల చదివి రండి. దానితోపాటు మీ ఇంటి పెద్దలు చెప్పిన సంగతి ఒకటి, వాళ్ళ మాటల్లోనే, రెండు పుటలు రాసి తీసుకురండి. ‘వచ్చిండు’ను దిద్ది ‘వచ్చాడు’ చేయకండి. ఆ పుటలు చదవడానికి మేము ఎదురుచూస్తుంటాము.