మగ్గం గుంట నుంచి తరగతి గదికి

గుంటూరు జిల్లా నిడుబ్రోలులో, చేనేత కుటుంబంలో 1915లో పుట్టారు ప్రగడ కోటయ్య. 1995లో కన్నుమూసేదాకా నేతగాళ్ల సహకార సంఘాల కోసం తిరిగారు. చీరాల ఓటర్లు ఆయన్ను శాసనసభకు పంపారు. తర్వాత రాజ్యసభ సభ్యుడయ్యారు. ఎక్కడున్నా ఆయన మనసు మగ్గం మీదే.

నేతపనిలో మొదటి బడి ఇల్లే. గుంటమగ్గంలో కాళ్లు దించుకుని తండ్రి నేస్తుంటే, పిల్లలు పక్కన కండెలు చుడతారు. తెగిన పడుగు పోగును అతకడం ఆ తర్వాతి పాఠం. చేతికి నాడె వచ్చేది ఇవన్నీ అబ్బాకే. మంగళగిరి చీర చూడండి: ఒంటి మీద బుటాల హంగు ఉండదు, నిజాం అంచూ పోగుల బిగువే దాని అందం. నేతలో తేడా వస్తే దాచే చోటే లేదు!

అయితే అద్దకం రసాయనాలు, కొత్త డిజైన్లు ఇంట్లో ఎవరు చెబుతారు? వెంకటగిరిలో 1992లో వెలసిన చేనేత సాంకేతిక సంస్థ ఆ లోటు తీరుస్తోంది. మూడేళ్ల డిప్లొమా కోర్సు. ఆ సంస్థకు కోటయ్య పేరే పెట్టారు. విగ్రహాల కన్నా ఇదే ఆయనకు తగిన గౌరవం.

చేనేతకు చదువుతో పాటు చట్టం అండా కావాలి. 1985 నాటి చట్టం మొదట 22 రకాల వస్త్రాలను చేనేతకే కేటాయించింది, ఇప్పుడవి 11. కాపాడుకోవాల్సింది ఇంకా చాలా ఉంది.

చీరాల, మంగళగిరి వెళ్లేవారు దుకాణాల దగ్గరే ఆగిపోకండి, మగ్గం ఆడే ఇంటికీ వెళ్లండి. అక్కడ చదువుకునే పిల్లలుంటే వెంకటగిరి కోర్సు సంగతి చెప్పండి.